పచ్చిపూలు మాట్లాడవు

మేడమ్ ఇక లేరని తెలిసిన ఉదయం నేను మొదటి ఫోన్ చేసింది ఆఫీసుకు కాదు. పినపాక అవతల వాగు ఒడ్డున ఉన్న ఒక గూడెంలోని అవ్వకు. ఆ అవ్వ మేడమ్‌కు బంధువు కాదు, స్నేహితురాలు అనడానికీ వీల్లేదు. ఇద్దరూ ఎదురుపడింది కొద్దిసార్లే. అయితే మేడమ్ ఫోన్‌కు అందరికంటే ఎక్కువ మిస్డ్ కాల్స్ ఇచ్చిన మనిషి ఆమె. ఆ లెక్కన ముందుగా తెలియవలసింది ఆమెకేనని నాకు తోచింది.

"మేడమమ్మ పోయిందా," అంది అవ్వ. "ఏడ బిడ్డా?"

"మధిరల అవ్వా. వాళ్ళ సొంతూరు. తెల్లారంగ పోయిన్రు. మధ్యాహ్నం తీస్కపోతరంట."

"మధిరనా. మేం బస్సులు మారి మారి వచ్చేసరికి ఆమె ఉంటదా మరి," అని అవ్వ ఫోన్ పెట్టేసింది.

మేడమ్ పని వంతెనల ఊగుడును చదవడం. ప్రతి కట్టడమూ గాలికీ, నడకకూ కంటికి కనిపించనంతగా ఊగుతూనే ఉంటుంది. ఎంత చురుగ్గా ఊగుతుందన్నది దాని బిగువు మీద, బరువు మీద ఆధారపడి ఉంటుంది. ఎక్కడైనా పగులు వస్తే బిగువు సడలి, ఊగుడు నెమ్మదిస్తుంది. వంతెనకు అమర్చిన సెన్సార్లు ఆ ఊగుడును పట్టి ఖమ్మానికి పంపుతాయి. అందులో గాలిది ఎంత, మనుషులది ఎంత, వంతెన సొంతం ఎంత అని విడదీసి చూడటం మా చిన్న విభాగం బాధ్యత. పత్రికలవారు వచ్చినప్పుడల్లా "అంటే మీరు వంతెనల డాక్టర్లన్నమాట" అనేవారు. మేడమ్ ఒప్పుకునేవారు కాదు. "డాక్టరు దగ్గర రోగి అబద్ధమైనా చెబుతాడండీ. మాకు ఆ భాగ్యం కూడా లేదు," అనేవారు. అది ఎవరూ అచ్చు వేయలేదు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. ఉద్యోగంలో చేరిన రోజు ఈ సంగతి వినయపూర్వకంగా మనవి చేసుకున్నాను. ఆనాటి నుంచి మేడమ్ నన్ను పేరుతో పిలవలేదు. "గ్రాడ్యుయేట్ గారూ" అనే పిలిచేవారు. అది గౌరవమో వేళాకోళమో తేల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. రెండూనని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఎప్పుడూ నేత చీర, కాళ్ళకు మాత్రం పరుగుపందేలవాళ్ళు వేసుకునే తెల్ల బూట్లు. మోకాళ్ళ నొప్పి వల్ల మెట్ల మీద ఒక అడుగు వేసి, ఆగి, రెండోది వేసేవారు. కుడిచేతి నడిమి వేలి కణుపుతో ఎదురైన ప్రతిదాన్నీ తట్టి చూడటం ఆమె అలవాటు. టిఫిన్ సెంటర్లో ఇడ్లీ కంటే ముందు ప్లేటును తట్టేవారు. ఎండాకాలంలో ఆఫీసు ముందు పుచ్చకాయల బండివాడు ఆమెను దూరం నుంచే చూసి మొత్తుకునేవాడు. "మేడమ్, మీకు దండం పెడ్త. కొనుర్రి, కొనకుర్రి గని, కొట్టి తల ఊపకుర్రి. మీరు తల ఊపిన కాయను ఎవ్వలు ముడుతలేరు."

ఎవరైనా కొత్త కారు కొని చూపించడానికి వస్తే, బానెట్ మీద ఒకసారి తట్టి, తల పక్కకు వంచి, "బాగుందండీ. ఎక్కడో ఒక బోల్టు వదులుగా ఉన్నట్టుంది, పెద్ద విషయం కాదులెండి," అనేవారు. ఆ మనిషి మరునాడే షోరూముకు వెళ్ళేవాడు. అక్కడి మెకానిక్ ఎక్కడో ఒకచోట నిజంగానే ఒక బోల్టు బిగించి పంపేవాడు. మేడమ్ కీర్తి ఆ విధంగా జిల్లా అంతటా వ్యాపించింది. కొత్త కారు చూపిన ప్రతివారితోనూ ఆమె అదే మాట అనేవారన్న సంగతి మా ఆఫీసు దాటి పోలేదు.

మా ఆఫీసు ఒక కోచింగ్ కాలేజీ పక్క భవనంలో పై అంతస్తులో ఉండేది. మూలన పడేసిన ఒక పాత సెన్సారును మేడమ్ మెట్ల కింద బిగించి, దాని గీత తన బల్ల మీది తెరపై పారేటట్టు చేసుకున్నారు. మనిషి ఇంకా మలుపులో ఉండగానే, వచ్చేది ఎవరో మేడమ్ చెప్పేసేవారు. "అటెండరు వస్తున్నాడు, చెప్పు తెగినట్టుంది." "ఈ వచ్చేవాడు బిల్లు మనిషి, రెండు మెట్లు ఒకేసారి ఎక్కుతున్నాడు." ఒకసారి గీత వంక చూసి, "గ్రాడ్యుయేట్ గారూ, మీ కోసం మీ ఊరి నుంచి ఎవరో వచ్చారు, చేతిలో బరువుంది," అన్నారు. తలుపు తీస్తే మా నాయన, నెత్తిన బియ్యం సంచితో. ఆ రోజు నేను సంకేత విశ్లేషణకు మనసులో నమస్కరించుకున్నాను.

మేడమ్ పదవీ విరమణ చేశాక నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. అక్కడ కూర్చుని తల కొంచెం ఎడమకు తిప్పితే, ఎదుటి బీరువా అద్దంలో మెట్ల మలుపు స్పష్టంగా కనిపిస్తుంది. నేను వెంటనే మధిరకు ఫోన్ చేసి అడిగాను. అవతల చాలాసేపు నవ్వు. "సెన్సారు కూడా పని చేసేదయ్యా. అద్దం దాన్ని సరిచూసుకోవడానికి," అన్నారు.

నేర్పడంలోనూ అదే తీరు. మొదట్లో నేను వచ్చిన గీతలను ఎంతో శ్రద్ధగా శుభ్రం చేసి, ఎగుడుదిగుళ్ళు లేకుండా నున్నగా తీర్చి ఆమె ముందు పెట్టేవాణ్ణి. ఆమె కళ్ళజోడు సవరించుకుని, "అబ్బ, ఎంత చక్కగా ఊడ్చారండీ," అనేవారు. "ఊడ్చిన చెత్త ఎక్కడ పోశారు? అది తెచ్చి చూపించండి." నేను పారేసిన దాన్ని మళ్ళీ తీసి ఇద్దరం చూసేవాళ్ళం. సాధారణంగా అందులో వంతెన పక్క ఏదో జనరేటరు అదురు తప్ప ఏమీ ఉండేది కాదు. అయినా చూడనిదే ఊరుకునేవారు కాదు.

ఆమెకు నియమం అంటూ ఉన్నది ఒక్కటే. తెర మీద ఎర్ర గుర్తు వెలిగితే అనుమానం ముందు మన సెన్సారు పెట్టె మీద, తరువాత మన లెక్క మీద, ఆఖరున వంతెన మీద. ఈ వరుస తప్పితే ఆమెకు నిజంగా కోపం వచ్చేది. "వంతెన మూయడం తేలికయ్యా. రెండు డ్రమ్ములు, ఒక తాడు. అవతల ఉన్నవాళ్ళు ఎలా వస్తారు?"

అవతల ఉన్నవాళ్ళ సంగతి నాకు కొత్త కాదు, నాది ఆ చుట్టుపక్కల ఊరే. ఆ గూడేనికి వానాకాలంలో బయటి ప్రపంచంతో ఉన్న దారి అల్లా వాగు మీది ఇనుప నడక వంతెన. మనుషులూ బైకులూ పోయేంత వెడల్పు. బడికి దాని మీదుగానే పోవాలి, రేషన్‌కు దాని మీదుగానే, నొప్పులు వస్తున్న మనిషిని మంచం మీద మోసుకుని దవాఖానాకు పోవాలన్నా దాని మీదుగానే. ఆ వంతెనకు ప్రయోగాత్మకంగా మా సెన్సార్ల డబ్బాలు బిగించాం. ఆ ఎండాకాలం, వానలు ఇంకా రాకముందే, ఎర్ర గుర్తు వెలిగింది. వంతెన ఊగుడు ఉన్నట్టుండి నెమ్మదించింది.

ఈఈ సారు, అంటే ఆ ప్రాంతపు రోడ్లూ వంతెనలూ చూసే ఇంజినీరు గారు, మెట్లెక్కి వచ్చారు. భారీ మనిషి, మర్యాదస్తుడు, భయస్తుడు. "మేడమ్, నేను చెడ్డోణ్ణి గాదు. కని రేపు అది వాగుల వడితే నా మెడకే చుట్టుకుంటది. మీరు ఒక్క మాట రాసియ్యిర్రి, సోమవారం బంద్ పెట్టిస్త."

మేడమ్ సంతకం చేయలేదు. ఆయన వెళ్ళాక ఆ గీతను నా ముందుకు జరిపారు. "గ్రాడ్యుయేట్ గారూ, ఇది చూడండి. ఒక రోజు ధబ్బున పడింది. తరువాత మెల్లమెల్లగా పైకి వస్తోంది. మళ్ళీ పడింది, మళ్ళీ వస్తోంది. పగులు ఎక్కడైనా మానుతుందా?"

"మానదు మేడమ్."

"ఎప్పుడు పైకి వస్తోందో చూశారా? పగలు. రాత్రిళ్ళు కదలకుండా పడుకుంటోంది. ఎండకు ఇనుము కాస్త మెత్తబడాలి, ఊగుడు ఇంకా తగ్గాలి. ఇది ఎండలో పెరుగుతోంది. బిగువు మారకపోతే మరి మారింది ఏమిటి?"

"బరువు."

"ఎండలో బరువు తగ్గేది ఏముందయ్యా మీ అడవిలో, నేను తప్ప?"

నాకు తట్టింది. మా అమ్మ ప్రతి ఎండాకాలం వాకిట్లో ఆరబోసేదే. ఇప్పపువ్వు. తెల్లవారుజామున అడవిలో రాలిన పూలు ఏరి తెస్తారు. పచ్చివి నీళ్ళతో బరువుగా ఉంటాయి, ఎండితే తేలిపోతాయి. ఎండకు పెనంలా కాలే ఇనుప పలకల కంటే మంచి కళ్ళం ఆ గూడేనికి దొరకదు.

అనుకోవడం వేరు, నిరూపించడం వేరు. మేము మూడుసార్లు వెళ్ళినా వంతెన మీద ఒక్క పువ్వు కనిపించలేదు. పూల వాసన మాత్రం గుప్పుమనేది. మా జీపు దుమ్ము గట్టు మీద కనిపించగానే గూడెమంతా కదిలి మూటలు కట్టేస్తుందని అప్పటికి మాకు తెలియదు. కారణం లేకపోలేదు. అంతకుముందు ఏడాది ఎవరో బైకు మీద పూలపై జారిపడితే, ఈఈ సారు అక్కడ బోర్డు పెట్టించారు. 'వంతెనపై ఏమియు ఆరబెట్టరాదు. ఉల్లంఘించినచో జరిమానా.' ఆ వెనుకే మా డబ్బాలు వచ్చాయి. గూడెంవాళ్ళు రెండింటినీ కలిపి చూసుకున్నారు. పూలు పోసేవాళ్ళను పట్టడానికే డబ్బాలు పెట్టారనుకున్నారు.

"పూలా? గీడ ఎవ్వలు పోస్తరమ్మా," అంది అవ్వ, వంతెన మొదట్లో చుట్ట కాలుస్తూ. "బోర్డు కనవడ్తలేదా?"

"మీకు చదువొచ్చా పెద్దమ్మా?" అన్నారు మేడమ్.

"రాదు. కని జరిమానా అని రాసుంటదని అందరికి ఎరికే."

చిక్కు అక్కడ పడింది. ఒప్పుకుంటే జరిమానా అని వాళ్ళ భయం. ఒప్పుకోకపోతే వంతెన మూసేస్తారని వాళ్ళకు తెలియదు. చెప్పినా, పూలు బయట పెట్టించడానికి వేసిన ఎత్తు అనుకున్నారు. మేడమ్ రాసివ్వకపోయినా తానే మూయిస్తానని ఈఈ సారు పట్టుబట్టిన సోమవారం దగ్గరపడింది.

ఆ సోమవారం ఈఈ సారు రెండు జీపులలో మనుషులనూ డ్రమ్ములనూ వేసుకుని వచ్చారు. గూడెం ఇవతలి ఒడ్డుకు చేరింది. డ్రమ్ములను చూశాక మొదటిసారి వాళ్ళ మొహాలు మారాయి. మేడమ్ ఈఈ సారును పక్కకు పిలిచి, "మూసే ముందు చిన్న పరీక్ష ఉందండీ. మీవాళ్ళందరూ నడిమిన కూర్చోవాలి. మీరు కూడా," అన్నారు.

"నేనెందుకు మేడమ్?"

"మీరు లేకపోతే బరువు సరిపోదు."

వంతెన ఎండకు కాలే వేళ. ఇనుప పలకల మీద సంచులు పరుచుకుని, అధికారులూ సిబ్బందీ రెండు వరుసలుగా బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకుంటుంటే మేడమ్ ఒడ్డు నుంచి కేకవేశారు. "కదలకండి, కబుర్లు వద్దు. మీరిప్పుడు పచ్చిపూలు. పచ్చిపూలు మాట్లాడవు."

జీపు డ్రైవరు ఊపు కోసం అటూ ఇటూ నడుస్తున్నాడు. నేను లాప్‌టాప్ పట్టుకున్నాను. తెర మీద గీత పడింది. అచ్చంగా ఆ పాత ఎర్ర గుర్తు పడిన చోటికే దిగి ఆగింది. "ఇక ఆరండి," అన్నారు మేడమ్. "సన్నగా ఉన్నవాళ్ళు ముందు." ఒక్కొక్కరే లేచి ఒడ్డుకు వస్తుంటే గీత ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కసాగింది. ఆఖరుకు నడిమిన ఈఈ సారు ఒక్కరే మిగిలారు. ఆయన లేవబోతే మేడమ్ చెయ్యి చాచి ఆపారు. "లావు పువ్వు చివరన ఆరుతుందండీ. ఇంకాసేపు."

గూడెంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈఈ సారు చేతిరుమాలు నెత్తిన వేసుకుని, చెమటలు కారుతూ, బుద్ధిగా కూర్చుని ఉన్నారు. అవ్వ అటు చూసింది, ఇటు చూసింది. చుట్ట ఆర్పి చెవి పైన పెట్టుకుంది.

"ఆ సారు ఇంక పచ్చిగనే ఉన్నడు," అంది. "ఎందుకు బిడ్డా పాపం గట్ల ఎండవెడ్తవు? పూలు మాయే. మేమే పోసినం. ఆయనను లేవమను."

ఆ మాటతో గూడెమంతటికీ నోరు వచ్చింది. ఎవరు ఎంత మేర పోస్తారో, మూటలు ఎక్కడ దాస్తారో అందరూ ఒకేసారి చెప్పసాగారు. అవ్వ డబ్బాల సంగతి కూడా చెప్పింది. పూలు పోసిన ప్రతిసారీ ముందు తువ్వాళ్ళు తెచ్చి డబ్బాలకు చుట్టూ కట్టేవారట, చూడకుండా. పూలు ఎత్తాక తువ్వాళ్ళు విప్పి మడతపెట్టుకునేవారట.

మేడమ్ అక్కడే గట్టు మీద కూలబడి నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కళ్ళు కట్టారా పెద్దమ్మా? అది చూడదమ్మా. అది వింటుంది."

"వింటదా?" అవ్వ ఆలోచనలో పడింది. "మా ఇంటాయనను తిట్టింది గూడ ఇన్నదా?"

"అన్నీ వింది. నేనెవరికీ చెప్పను."

ఈఈ సారు ఒడ్డుకు వచ్చి, నీళ్ళు తాగి, తెరనూ బోర్డునూ మార్చి మార్చి చూశారు. ఆ మనిషిలోని మంచితనం అప్పుడు బయటపడింది. "నడిచే తొవ్వ ఇడిచిపెట్టి ఒక దిక్కుకు పోసుకోర్రి. కని మేడమ్‌కు చెప్పి పోయుర్రి. చెప్పకుంట పోస్తే మళ్ళ నన్ను ఎండవెడ్తది," అన్నారు. డ్రమ్ములు వచ్చినదారినే వెనక్కి పోయాయి. ప్రభుత్వం పెట్టిన బోర్డును తీయడం ఎవరి తరమూ కాదు కాబట్టి అది ఇప్పటికీ ఉంది. దాని మీద సాధారణంగా ఒక చీర ఆరుతూ ఉంటుంది.

అప్పటి నుంచి మిస్డ్ కాల్స్ మొదలయ్యాయి. పూలు పోస్తే ఒక రింగు, ఎత్తితే రెండు. ఎంత పెద్ద సమావేశంలో ఉన్నా ఆ ఫోన్ మోగగానే మేడమ్ ఒక వేలు ఎత్తి అందరినీ ఆపి, "పూలు పడ్డాయి," అని, తరువాత కొనసాగించమనేవారు. పదవీ విరమణ రోజున ఆ సిమ్ తీసి నా చేతిలో పెట్టారు. "గ్రాడ్యుయేట్ గారూ, ఇది మీకు ఆస్తి. వస్తే తిరిగి చేయకండి. ఏదో మునిగిందనుకుని అవ్వ కంగారుపడుతుంది."

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం నేను మధిరలో, వాళ్ళ ఇంటి ముందు షామియానా కింద నిలబడి ఉన్నాను. పాడె సిద్ధమవుతోంది. జేబులో ఫోన్ కదిలింది. తీసి చూస్తే ఎర్ర గుర్తు. అదే వంతెన. పూలు పోసిననాడు ఎన్నడూ పడనంత లోతుకు పడింది గీత.

అది శ్రావణ మాసం. అడవిలో ఇప్పపువ్వు లేదు. మిస్డ్ కాల్ రాలేదు. వాగు నిండుగా పారుతోందని ఆ ఉదయమే విన్నాను.

అలాంటి చోట నిలబడి కూడా నేను వరుస తప్పలేదు. ముందు పెట్టె. డబ్బాలన్నీ ఒకే మాట చెబుతున్నాయి, బ్యాటరీలు బాగున్నాయి. తరువాత లెక్క. గోడకు ఆనుకుని, ఫోన్‌లోనే మళ్ళీ మొదటి నుంచి చూశాను, పారేసిన చెత్తతో సహా. తప్పు లేదు. ఇక మిగిలింది వంతెన. ఈఈ సారుకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. వేరే దారి లేక, చేయవద్దన్న నంబరుకే ఆ రోజు రెండోసారి చేశాను.

"ఏందవ్వా, వంతెన మీద ఏం పోసిండ్రు? పూల కాలం గాదు గదా."

"మమ్మల్నే పోసుకున్నం బిడ్డా," అంది అవ్వ.

"అంటే?" అన్నాను.

"ఇంటికిద్దరం కూసున్నం. అంతదూరం రాలేకపోతిమి. మేడమమ్మ డబ్బా చూడదు, వింటదన్నది గదా. అందుకని కూసున్నం."

"మరి రింగియ్యలేదేందవ్వా? నా పానం పోయింది."

"ఆమెనే లేకపాయె. ఎవలకియ్యాలె?"

"ఆ నంబరు నా దగ్గరనే ఉన్నదవ్వా."

"గట్లనా," అంది అవ్వ. "వంతెన మంచిగున్నది, నువ్వు బుగులువడకు. పెద్ద సారు పొద్దుగాల వాగు చూడనీకె వచ్చి, కింద మీద అంత చూసిండు. మేం కూసుంటమంటే, నేను గూడ కూసుంట అన్నడు. నడిమిట్లనే ఉన్నడు."

"ఆయనకు రెండుసార్లు ఫోన్ చేసిన. ఎత్తుతలేడు."

"మోగింది, నాకు ఇనవడ్డది. ఎట్ల ఎత్తుతడు? పచ్చిపూలు మాట్లాడొద్దని ఆమెనే చెప్పె గదా."

ఫోన్ ఆగిపోయింది. మరుక్షణమే మళ్ళీ మోగింది. ఒక్క రింగు. నేను అలవాటుగా వేలు ఎత్తాను. షామియానా కింద ఎవరో నా వంక వింతగా చూశారు.

పాడె లేచింది. నేను భుజం మార్చుకునే వరుసలో నిలబడి ఫోన్ తెర వంక చూస్తూనే ఉన్నాను. అక్కడ ఒక్కొక్కరే దిగుతున్నట్టున్నారు. గీత మెట్టు మెట్టుగా, తొందర లేకుండా పైకి వస్తోంది. దాదాపు అంతా వచ్చాక ఒక్కచోట ఆగిపోయింది. చివరి మెట్టు ఒక్కటి మిగిలిపోయి చాలాసేపు అలాగే ఉంది. పెద్ద మెట్టు. అది ఎవరిదో నాకు తెలుసు కాబట్టి ఎర్ర గుర్తును నేను ఆర్పలేదు. ఆరే వరకు ఆగాను.